ఓడ కాదు, ఓడై

తేంగాయితిట్టులో మా చెల్లెలి ఇల్లు ఎట్లా లేచిందో చెప్పమంటే చెప్పడానికి చాలామంది ఉన్నారు. మా అన్న చెబుతాడు. ప్లాను గీసిన ఇంజనీరు చెబుతాడు. గృహప్రవేశానికి వచ్చి ఒక పూట భోంచేసి పోయినవాళ్లు కూడా చెబుతారు. నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఆ నేల తవ్వించి చూసింది నేను. ఆ మట్టిని అరచేతిలో పిసికి చూసింది నేను. గుంతలో ఊరిన నీళ్లను నాలుక మీద వేసుకుని రుచి చూసింది కూడా నేనే. గృహప్రవేశం రోజు ఇంజనీరుకు శాలువా కప్పారు, మేస్త్రికి కప్పారు, కరెంటు పని చేసినాయనకు కప్పారు. నా పేరు పిలవలేదు. పాయసం కూడా నేను కూర్చున్న వరస దాకా రాకముందే అయిపోయింది. ఇవన్నీ చిన్న సంగతులంటాడు మా అన్న. ఆయనకు జరగలేదు కాబట్టి చిన్నవి.

నాది కోసపాళయంలో పైపుల అంగడి. నీళ్లు ఎటు పోతాయి, ఎక్కడ నిలబడతాయి అన్నదే నా వ్యాపారం. స్నానాలగదిలో నీళ్లు పోవడం లేదని వచ్చిన మనిషికి నేను ముందు పైపు చూపించను. గచ్చు వాటం ఎటుందో అడుగుతాను. సగంమంది పైపు కొనకుండానే వెళ్లిపోతారు, మేస్త్రిని పిలిచి వాటం సరిచేయించుకుంటారు. వ్యాపారం తెలియనివాడని మా అన్న దీన్ని పదిమందిలో చెప్పి నవ్వుతాడు. వయసులో ఉన్నప్పుడు నెల్లూరులో ఇట్లాంటి అంగట్లోనే పనిచేశాను. తెలుగు రాయడం అక్కడే నేర్చుకున్నాను. మా ఇంట్లో తెలుగు మాట్లాడతారు గాని అక్షరాలు ఎవరికీ రావు. మాది తమిళ ఊరు, చదువులన్నీ తమిళంలోనే.

చెల్లెలి స్థలం మా నాయన కాలం దాకా కొబ్బరి తోట. చెట్లు ముసలివై ఒక్కొక్కటిగా పడిపోయాయి. ముందువైపు రోడ్డు వేసినప్పుడు లారీలతో ఎర్రమన్ను తోలారు. వెనకవైపు, చుట్టుపక్కల ఇళ్లు కట్టినవాళ్లు ఇటుకముక్కలూ సున్నం పెళ్లలూ పారబోశారు. చూసేవాళ్లకు అంతా ఒకే ఎత్తుగా కనిపించేది. పంపకాల్లో అది చెల్లెలికి వచ్చింది. ఆమె భర్త బస్సు డ్రైవరు. బాడుగ ఇళ్లు మారి మారి విసిగిపోయిన మనుషులు. ఉన్నదంతా ఈ ఒక్క ఇంటి మీద పెడుతున్నారు. ఇది నీళ్లపాలైతే ఇంకొకటి కట్టుకునే శక్తి వాళ్లకు లేదు. ఈ మాట నాకు తెలుసు, మా అన్నకూ తెలుసు. అయినా ఇల్లు ఎట్లా ఉండాలో నిర్ణయించే పని ఆయన తన నెత్తిన వేసుకున్నాడు. పెద్దవాడు గదా.

సునామీ వచ్చి పోయిన తరవాతి ఏళ్లు అవి. ఊళ్లో ఎవరు ఇల్లు కట్టాలన్నా తూర్పుకు తిరిగి సముద్రాన్ని చూసి భయపడేవాళ్లు. ఇంజనీరు ప్లాను కూడా ఆ భయంతోనే గీశాడు. తూర్పున ఎత్తు అరుగు, మందమైన గోడ, దానిమీద ఓడ ముక్కులాగా ముందుకు వచ్చిన వసారా. పడమర, అంటే ఊరివైపు, వంటిల్లూ స్నానాలగదీ. అవి అరుగు కంటే రెండు మెట్లు దిగువన.

ఆ ఓడ ముక్కు మా అన్న కోరిక. దానికొక కథ ఉంది. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆ స్థలాన్ని ఎప్పుడూ ‘ఓడకాడి తోట’ అనేది. తేంగాయితిట్టులో పడవలు ఆగుతాయి, చేపల వేలం జరుగుతుంది. కాబట్టి మా ముత్తాతకు అక్కడ ఒక ఓడ ఉండేదని, అది మా తోట పక్కనే ఆగేదని మా అన్న చిన్నప్పుడే తేల్చేశాడు. పెద్దయ్యాక ఆ ఓడకు తెరచాపలు కట్టాడు, సరుకు ఎక్కించాడు, రంగూన్ దాకా పంపించాడు. కూతురి పెళ్లి మాటలప్పుడు వియ్యంకుడి ఎదుట అది రెండు ఓడలయింది. నేను ఎదురు చెప్పలేదు. ఓడ వల్ల ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

పునాదికి ముందు నేల చూడాలని ఇంజనీరు ఒక ఉదయం వచ్చాడు. రోడ్డు పక్కన మోటారుసైకిలు ఆపి, దాని పక్కనే గుంత తవ్వించాడు. నడుములోతులో గట్టి ఇసుక తగిలింది. నేల బ్రహ్మాండంగా ఉంది, మామూలు పునాది చాలు అన్నాడు. వెనక మూల కూడా తవ్వించమని నేనడిగాను. ఒక స్థలంలో అంతటా ఒకే మట్టి ఉంటుందని నాకు తమిళంలో చాలా ఓపికగా, స్కూలు పిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు. మా అన్న పక్కనే నిలబడి తల ఊపాడు. ఆ తల ఊపడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

తరవాతి ఆదివారం నేను అంగడి మూసి, గుంతలు తీసేవాళ్లను ఇద్దరిని పిలుచుకుని వెళ్లాను. చెల్లెలికి మాత్రమే చెప్పాను. ఆమె ఫ్లాస్కులో టీ తీసుకుని వచ్చింది. రోడ్డువైపు ఒకటి, నడుమ ఒకటి, పడమటి మూల ఒకటి తవ్వించాను. రోడ్డువైపు గుంతలో ఇంజనీరు చెప్పినట్టే ఎర్రమన్ను కింద పసుపుపచ్చ ఇసుక. అది నిజమే, కాదనను. నడిమి గుంతలో ఇసుక కొంచెం లోతున తగిలింది. పడమటి మూలలో ఇటుకముక్కలు అయిపోగానే నల్లటి బంకమట్టి మొదలైంది. పారకు అంటుకుని వదిలేది కాదు. దాన్ని చేతిలోకి తీసుకుని రెండు అరచేతుల మధ్య తిప్పితే సన్నటి తాడులాగా సాగింది, తెగలేదు. అట్లాంటి మట్టి నీళ్లను కిందికి దిగనివ్వదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, పైన ఉన్న గోడను పగలగొడుతుంది. ఇంకా కిందికి పోతే నత్తగుల్లలు, తుంగ వేళ్లు, కుళ్లిన కొబ్బరిపీచు వచ్చాయి. తుంగ ఇసుకలో పెరగదు. నీళ్లు కదలకుండా నిలిచేచోటనో, మెల్లగా పారేచోటనో పెరుగుతుంది.

మూడు గుంతల్లోనూ బిందెలతో నీళ్లు పోయించాను. రోడ్డువైపు గుంత మేము టీ తాగేలోపల తాగేసింది. నడిమిది మధ్యాహ్నానికి ఇంకింది. పడమటిది మరునాడు వెళ్లి చూస్తే పోసిన నీళ్లు అట్లాగే ఉన్నాయి. పైగా పెరిగాయి. ఎక్కడివి ఇవి అని చెల్లెలు అడిగింది. సముద్రం ఊట అయితే ఉప్పగా ఉండాలి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. అంటే ఆ నీళ్లు తూర్పు నుంచి రావడం లేదు. ఊరివైపు నుంచి, అందరూ వీపు తిప్పి నిలబడిన వైపు నుంచి వస్తున్నాయి.

అంతటితో వదిలేసేవాణ్ణి కాను. అంగడి నుంచి లోపలి నీళ్లు కనబడే పొడుగాటి తెల్ల ట్యూబు తెచ్చి నీళ్లు నింపాను. ఒక కొన నేను పట్టుకుని రోడ్డుమీద నిలబడ్డాను, రెండో కొన చెల్లెలు పట్టుకుని పడమటి మూలకు పోయింది. ట్యూబు ఎంత దూరం పోయినా రెండు కొనల్లో నీళ్లు ఒకే మట్టాన నిలుస్తాయి. అక్కడి నుంచి నేలకు ఎంతుందో కొలుచుకుంటే ఏ వైపు పల్లమో తెలిసిపోతుంది. నా వైపు నీళ్లు నా మోకాలి దగ్గర ఉన్నాయి. చెల్లెలు తనవైపు కొనను ఎత్తీ ఎత్తీ నడుము దాకా తెచ్చుకుంది.

“చిన్నన్నా, ఏంది ఇంత పల్లం? కంటికి సమంగా కదా ఉండాది?” అంది.

కంటికి ఏమైనా సమంగానే ఉంటుందని చెప్పాను. తరవాత ఇద్దరం ఆ పల్లం వెంబడే నడిచాం. అది మా స్థలంతో ఆగలేదు. ఉత్తరాన పక్కింటి గోడ కింది నుంచి వచ్చి, మా పడమటి అంచున సాగి, దక్షిణాన సందులోకి దిగి హార్బరు పక్కనున్న ఏటివైపు పోతోంది. పైన ఇళ్ల చెత్త కప్పి ఉంది గాని దారి మాత్రం అదే.

అప్పుడు నాకు అవ్వ మాట గుర్తొచ్చింది. మేము చిన్నవాళ్లుగా ఉన్నప్పుడు కొబ్బరికాయల దింపుడు చూడటానికి తోటకు పోయేటప్పుడల్లా అవ్వ చెప్పే మాట ఒకటుంది. వానల్లో ఓడ దాటి పోయేటప్పుడు చీర మోకాళ్ల దాకా ఎత్తుకోవలసి వచ్చేదని. నేను చెల్లెలి ముఖం చూశాను. ఓడ దాటడానికి చీర ఎత్తుకోవడమేమిటి? ఓడను ఎవరైనా దాటుతారా? ఎక్కుతారు, దిగుతారు. దాటేది కాలవను.

తమిళంలో కాలవను, వాగును ఓడై అంటారు. మాట్లాడేటప్పుడు చివర ఐ సగం మింగేస్తారు. మా ఇంటి తెలుగులో సగం మాటలు తమిళానివే. అవ్వకు ఏది ఏ భాషో పట్టింపు లేదు. ఆమె ఓడై పక్కన ఉన్న తోటను ఓడకాడి తోట అంది. మేము దాన్ని తెలుగులో విన్నాం. నిజమైన తెలుగువాడు వింటే పొరబడడు, ఓడను దాటడమేమిటని అడుగుతాడు. నిజమైన తమిళుడు అసలు పొరబడడు. రెండూ సగం సగం వచ్చిన మేము మాత్రమే ఒక కాలవకు తెరచాపలు కట్టగలం.

చెల్లెలు గుంత పక్కన కూర్చుని కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరవాత నవ్వు ఆపి, అట్లయితే తన వంటిల్లు కాలవలో ఉంటుందా అని అడిగింది. ఉంటుందని చెప్పాను. ఆ తరవాత ఆమె నవ్వలేదు.

ఆ వారమే మా అన్న ఇంట్లో భోజనానికి పిలుపు. ఆయన వియ్యంకుడు వచ్చి ఉన్నాడు. నేను ఆ నల్లమట్టి ముద్దను, నత్తగుల్లలను ఒక స్టీలు తట్టలో పెట్టుకుని వెళ్లాను. ఇంకెప్పుడు చెప్పినా ఆయన వినడు. పదిమంది ఉన్నప్పుడు లేచి వెళ్లిపోలేడు.

“ఏందిరా ఇది, అన్నంకాడికి బురద తెచ్చినావు?” అన్నాడు అన్న.

“బురదే అన్నా. చెల్లెలి వంటింటి కింద ఉండేది ఇదే.”

గుంతల సంగతి, నీళ్ల రుచి, ట్యూబు మట్టం అన్నీ వరసగా చెప్పాను. పునాది నల్లమట్టి దాటి ఇసుక తగిలేదాకా దించాలని, గచ్చు పైకి లేపాలని, పడమటి అంచున నీళ్లు పోయేందుకు స్థలం వదిలి పెట్టాలని చెప్పాను. అన్న వింటూ అన్నం కలుపుతున్నాడు. అప్పటిదాకా ఆయనకు కోపం లేదు, విసుగే. ఇంజనీరు చూసుకుంటాడులే అన్నాడు. అప్పుడు నేను అవ్వ మాట చెప్పాను. ఓడ కాదు, ఓడై అని.

అన్నం కలిపే అన్న చెయ్యి ఆగిపోయింది. వియ్యంకుడు కూడా తినడం ఆపాడు. ఆయనది కూడా మా లాంటి తెలుగే. తమిళంలో ఓడను కప్పల్ అంటారు, ఆ మాటే ఆయన నోటికి వచ్చింది.

“అట్లయితే కప్పల్ లేదా బావా?” అని మా అన్నను అడిగాడు.

నేను జవాబు ఇచ్చాను. “కప్పల్ లేదు గానీ కప్పలు ఉండాయి. ఐప్పసి నెల వానల్లో రండి, వినిపిస్తా.”

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వియ్యంకుడు పగలబడి నవ్వాడు. మా అన్న నవ్వలేదు. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టి, నా వంక చూడకుండా అన్నాడు.

“రేయ్, పైపులు అమ్ముకునేవాడివి పైపులు అమ్ముకో. మా ముత్తాత సంగతి నీకెందుకు?”

మా ముత్తాత అన్నాడు. ఆయనకు ముత్తాత అయినవాడు నాకు కాడా? ఒక తల్లి కడుపున పుట్టినవాణ్ణి ఒక్క మాటతో వంశం నుంచి తీసేశాడు. అదీ ఒక కాలవ కోసం. నేను తట్ట తీసుకుని లేచి వచ్చేశాను. మజ్జిగ అన్నం తినలేదు. ఆ తరవాత ఎన్నిసార్లు ఆ ఇంటికి పోయినా మజ్జిగ దాకా కూర్చోలేదు, ఇప్పటికీ కూర్చోను.

అప్పుడే తెలిసింది నాకు, ఆయన వినకపోవడానికి కారణం మట్టి కాదని. మట్టి గురించి ఆయనకు అభిప్రాయమే లేదు. పడమర పల్లం ఉందని ఒప్పుకుంటే కాలవ ఒప్పుకోవాలి. కాలవ ఒప్పుకుంటే ఓడ మునుగుతుంది. వియ్యంకుడి ముందు ఆయన దగ్గరున్న పెద్ద ఆస్తి ఆ ఓడే.

రెండు రోజుల తరవాత చెల్లెలు అంగడికి వచ్చింది. పైపుల కట్ట మీద కూర్చుంది. పెద్దన్న తాను చెప్పినట్టే కట్టమంటున్నాడని, ఆమె భర్త పెద్దవాళ్ల మాట కాదనలేడని చెప్పింది. నేను మళ్లీ వెళ్లి అన్నతో తేల్చుకుంటానన్నాను.

“వొద్దు చిన్నన్నా. ఓడ ఆయనకి ఉండనీ. కాలవ నాకియ్యి” అంది.

చెల్లెలే ఇంజనీరు దగ్గరకు పోయింది. ఇల్లు తనది, అప్పు తనది, కాబట్టి ఆయన వినక తప్పలేదు. ఆమె కాలవ అన్న మాటే ఎత్తలేదు. వంటింట్లో మెట్లు దిగితే తనకు మోకాళ్ల నొప్పులు, గచ్చంతా ఒకే ఎత్తున లేపండి అంది. వెనక మూల మట్టి చూస్తే భయంగా ఉంది, ఒకసారి తవ్వి చూడండి అంది. ఇంజనీరు ఈసారి తానే తవ్వించాడు. నల్లమట్టి చూశాక ఆ వైపు పునాది ఇసుక దాకా దించాడు. నేను చెప్పినప్పుడు ఒకే మట్టి అన్న నోరు అదే. చెల్లెలు పడమటి అంచున ఇల్లు కొంచెం లోపలికి జరిపించి, పొడుగునా ఒక పట్టీ నేల ఖాళీ వదిలించింది. అదెందుకని పెద్దన్న అడిగితే పూలచెట్లకు అని చెప్పింది. ఆ పట్టీలో ఇటుకలతో అడుగు కట్టి, దక్షిణం వైపు సందుకు వాటం పెట్టించింది నేను. ఉత్తరపు గోడలో నీళ్లు రావడానికి బెజ్జాలు పెట్టించింది కూడా నేనే. మా అన్న దగ్గరుండి కట్టించింది ఓడ ముక్కు వసారా. అది బాగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి.

గృహప్రవేశం తరవాత వచ్చిన ఐప్పసిలో, అంటే మన ఆశ్వయుజ కార్తీకాల్లో, వాన పట్టుకుని వదలలేదు. నేను సైకిలు మీద తడుస్తూ తేంగాయితిట్టు వెళ్లాను. సముద్రం తన చోట తాను ఉంది. నీళ్లు ఊరివైపు నుంచే వచ్చాయి. ఉత్తరపు గోడ బెజ్జాల్లోంచి ముందు సన్నగా, తరవాత గోడ వెడల్పునా దూకాయి. ఎర్రగా, ఊళ్లోని చెత్తనంతా మోసుకుంటూ వచ్చి, ఇటుక పట్టీ వెంబడి సాగి, సందులోకి దిగి ఏటివైపు పోయాయి. పక్కింటివాళ్లు నీళ్లను బయటికి తోడుతున్నారు. చెల్లెలి వంటింట్లో గచ్చు పొడిగా ఉంది. ఆమె వెనక తలుపు తెరిచి గడపమీద కూర్చుని పారే నీళ్లను చూస్తోంది. నాకు చాప వేసింది. ఇద్దరం టీ తాగుతూ కూర్చున్నాం. కప్పలు అరుస్తున్నాయి. నా జీవితంలో నా మాట ఇంత ఖచ్చితంగా నిజమైన రోజు ఇంకొకటి లేదు. అది చూడటానికి అక్కడ ఉండవలసిన మనిషి లేడు.

ఆయన వాన వెలిశాక వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూసి, పక్కింటివాళ్లతో అన్నాడట, ఓడ గదా, ఎట్లా మునుగుతుంది అని. అప్పటినుంచి అదే కథ. ఇల్లు నీళ్లకు తట్టుకున్నది ఓడ ముక్కు వల్లనట. నేను చెల్లెలి మాట కోసం నోరు మూసుకున్నాను. వానాకాలం వచ్చినప్పుడల్లా నీళ్లు ఆ పట్టీలో పారిపోయాయి, వానాకాలం పోయినప్పుడల్లా ఆమె అక్కడ కుండీల్లో కనకాంబరాలు పెంచింది.

ఇప్పుడు నేను నోరు తెరవక తప్పని పని వచ్చింది. మా అన్న అల్లుడు వ్యాను కొన్నాడు. వాళ్లు ఉండే కోసపాళయం సందుల్లో దాన్ని పెట్టడానికి చోటు లేదు. చెల్లెలి ఇంటి పక్కన పూలచెట్ల జాగా ఊరికే పడి ఉంది గదా, మన్ను తోలి ఎత్తు చేసి పైన రేకులు వేస్తే షెడ్డు అవుతుందని మా అన్న చెల్లెలి భర్తతో అన్నాడు. ఆ మనిషి సరే అనేశాడు. చెల్లెలు వద్దంటే, నాలుగు కుండీల కోసం అన్నకూతురి మొగుడికి చోటు ఇవ్వవా అని మా వదిన అడిగింది. పూలచెట్లని చెప్పిన నోటితో కాలవ అని ఇప్పుడెట్లా చెప్పాలని చెల్లెలు నా అంగడికి వచ్చి ఏడ్చింది. చెప్పడానికి నేనున్నానని ఆమెను పంపించాను.

మా అన్నకు రెండుసార్లు ఫోను చేశాను. మొదటిసారి బిజీగా ఉన్నానన్నాడు. రెండోసారి వదిన ఎత్తి, మీ అన్న స్నానం చేస్తున్నాడంది. వెనక టీవీ చూస్తూ ఆయన దగ్గుతున్నది నాకు వినిపించింది. ఇంటికి వెళ్లాను. పైపుల రేట్లు ఎట్లా ఉన్నాయని అడిగాడు. నేను కాలవ మాట ఎత్తగానే లేచి చొక్కా వేసుకుని బజారుకు పోయాడు. అందుకే రాస్తున్నాను. ఆయనకు తెలుగు చదవడం రాదు. దీన్ని నేను చెల్లెలి ఇంట్లో, ఆయనను ఎదురుగా కూర్చోబెట్టి, పైకి చదువుతాను. లేచి వెళ్లిపోకుండా తలుపు దగ్గర వియ్యంకుణ్ణి కూర్చోబెడతాను.

అన్నా, నీ ఓడ నీదగ్గరే పెట్టుకో. రంగూన్‌కే పంపుకో, సింగపూర్‌కే పంపుకో, నేను నవ్వను. నేను నిన్ను అడిగేది ముత్తాత సంగతి కాదు. నువ్వు మన్ను తోలి ఆ పట్టీ పూడిస్తే, వచ్చే ఐప్పసిలో పడమర నుంచి దిగే నీళ్లు యాడికి పోవాల? పొయ్యేదానికి ఆ ఇంట్లో చెల్లెలి వంటిల్లు తప్ప ఇంకో దారి ఉంటే చూపించు. ఇన్నేళ్లూ తప్పించుకున్నావు. ఈసారి లారీ రాకముందు, చెల్లెలు వినేటట్టు, నాకు జవాబు చెప్పు.